గంగులప్ప పొగ రాని పొయ్యి

పిల్లలూ, ఈ కథ మీరు వినలేదు. ఇది మదనపల్లె వైపు చలికాలం పొయ్యి చుట్టూ కూర్చుని చెప్పుకునే కథ. మీరేమో ఈ హిమాచల్ కొండల్లో పెరుగుతున్నారు. ఇక్కడి కథలు మీకు బడిలో వస్తాయి, పక్కింట్లో వస్తాయి. మన కథలు మాత్రం నేను చెబితేనే మీకు వస్తాయి.

నిన్న బజారులో గది వెచ్చబెట్టే కట్టెల పొయ్యిలు చూశాం కదా. ఇక్కడివాళ్ళు వాటిని బుఖారీలంటారు. చిన్నదానికి గాజు తలుపున్నది నచ్చింది, మంట కనబడుతుందని. పెద్దవాడికి అన్నిటికంటే పెద్దది నచ్చింది, పెద్దది కాబట్టి. నేను దుకాణదారుణ్ణి ఒక్కటే అడిగాను: "దీని పొగ ఏమవుతుంది?" అతను నవ్వాడు. మీరూ నవ్వారు. ఆ ప్రశ్న నాకు ఎక్కడిదో ఈ కథ వింటే తెలుస్తుంది. తెలిసింది తెలిసినట్టే చెబుతాను. తెలియని చోట తెలియదంటాను.

మదనపల్లెకు ఎగువన, చలికి పేరుపడ్డ నల్లగుట్టపల్లెలో గంగులప్ప అని ఒకడు ఉండేవాడు; మంచి కష్టజీవే గానీ, తన గడప దాటినదేదీ తనది కాదనుకునేవాడు.

అతను ఇల్లు ఊడ్చి చెత్తను వీధిలోకి తోసేవాడు. అది ఎగిరి ఎదురింటి ముగ్గు మీద పడితే, "గాలిని అడగండి" అనేవాడు. గేదెలను కడిగిన నీళ్ళు పారి దారంతా బురదైతే, "పల్లం నేను తవ్వినానా?" అనేవాడు. నీళ్ళు పల్లమెరుగుతాయని అందరికీ తెలుసు కాబట్టి, ఎవరూ ఏమీ అనలేకపోయేవాళ్ళు.

అతని భార్య మునెమ్మ ఒక్కతే ఊరుకునేది కాదు. "నీ లెక్కన నీ నోరు దాటిన మాట కూడా నీది కాదు గదయ్యా," అనేది.

"అది కూడా గాలిదే," అనేవాడు గంగులప్ప.

వాళ్ళ పక్కిల్లు రెడ్డెమ్మది. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు అవతల పొడవాటి గదిలో రెడ్డెమ్మ, ఆమె భర్త సహదేవుడు పట్టుపురుగులు పెంచేవాళ్ళు. మీరు పట్టుపురుగును చూడలేదు. అది తెల్లగా, మెత్తగా, మీ వేలంత ఉంటుంది. మల్బరీ ఆకు తప్ప ఇంకేమీ తినదు. గూడు అల్లేలోపు నాలుగుసార్లు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిద్రపోతుంది. ఆ నిద్రను అక్కడివాళ్ళు జ్వరం అంటారు. నిజంగా ఒళ్ళు కాలే జ్వరం కాదు, పేరు మాత్రమే. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగుకు ఆకలి విపరీతం. వేలకు వేలు పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే, పెంకుల మీద వాన పడుతున్నట్టే చప్పుడు వస్తుంది.

ఆ వాన చప్పుడు గోడలోంచి గంగులప్ప ఇంట్లోకి వినిపించేది. కొత్త చుట్టాలెవరైనా వస్తే, "బయట ఆరేసిన బట్టలు తడుస్తా ఉన్నట్టుండాయి" అని గబగబా లేచేవాళ్ళు. గంగులప్ప పకపకా నవ్వేవాడు. ఆ చప్పుడంటే అతనికి ఇష్టం. పక్కింటి నుంచి గడప దాటి వచ్చినవాటిలో అతను కాదనకుండా పుచ్చుకున్నది అదొక్కటే.

ఒక చలికాలం గంగులప్ప కూతురు నాగవేణి పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల కొంచెం బరువు తక్కువ. ఇంటికి పంపే ముందు నర్సు గంగులప్పను పిలిచి అడిగింది.

"మీ ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?"

"కూరకూ కాఫీకీ గ్యాసే తల్లీ. గేదెలకు ఉలవలు ఉడకేయాల, నీళ్ళు కాగాల. దానికి మూడు రాళ్ళ పొయ్యి ఉండాది."

"పొగ ఎక్కడికి పోతుంది?"

గంగులప్ప తల గోక్కున్నాడు. ఆ పొగ ఇంట్లోనే ఉండేది. గోడలు నల్లబడి, మునెమ్మ కళ్ళు ఎర్రబడి ఎన్నో ఏళ్ళయింది. కానీ అది గడప దాటలేదు కాబట్టి దాని గురించి అతనెప్పుడూ ఆలోచించలేదు.

"ఈ పిల్ల ఊపిరితిత్తులు ఇంకా లేతగా ఉన్నాయి. పొగ తగలనివ్వకండి," అంది నర్సు.

ఆ మాట గంగులప్పకు గట్టిగా నాటుకుంది. మనవరాలంటే అతనికి ప్రాణం. ఆసుపత్రి నుంచి నేరుగా మునెమ్మను వెంటబెట్టుకుని మదనపల్లె బజారులో పొయ్యిలు చేసే ఖాదర్ వలీ దుకాణానికి వెళ్ళాడు.

ఖాదర్ వలీ మాటకారి. దుకాణం నడిబొడ్డున రెండు పొయ్యిలు పెట్టి, రెండింటిలోనూ కట్టెలు పేర్చి వెలిగించాడు.

మొదటి పొయ్యికి నోరు పెద్దది, వెనక పొడవాటి రేకు గొట్టం ఉంది. గొట్టం కప్పు దాటి బయటికి పోయింది. కట్టె అంటుకుంది. పొగంతా గొట్టంలోకి పోయింది. దుకాణంలో ఒక్క పోగు పొగ కూడా లేదు.

"దీని పేరు పొగ రాని పొయ్యి," అన్నాడు ఖాదర్ వలీ. "ఎంత లావు మొద్దునైనా తోసెయ్యి. తోసి నీ పని నువ్వు చూసుకోవచ్చు."

రెండో పొయ్యి పొట్టిగా, కడుపు లావుగా ఉంది. గోడ రెండు పొరలు. లోపల పై అంచు చుట్టూ వరసగా సన్న రంధ్రాలు. దానికీ గొట్టం ఉంది గానీ సన్నది. మొదట కొంచెం పొగ లేచింది. కాసేపటికి ఒక వింత జరిగింది. పైకి లేస్తున్న పొగ ఆ రంధ్రాల దగ్గరికి వచ్చేసరికి, తానే మంటగా మారి కాలిపోసాగింది. రంధ్రం రంధ్రానికీ ఒక చిన్న నాలుక. పొయ్యి అంచుకు మంటల దండ చుట్టినట్టుంది.

మునెమ్మ వంగి చూసింది. "పొగ యాడికి పోయింది?"

"కాలిపోయింది అక్కా. పొగంటే ఏమనుకున్నావు? మంటకు అందకుండా తప్పించుకున్న కట్టె. ఈ పొయ్యి దాన్ని తప్పించుకోనీదు. పైన వేడిగాలి కాపుకాసి పట్టుకుంటాది. అందుకే కట్టె కూడా తక్కువ పడుతుంది."

మునెమ్మ అంతటితో ఆగలేదు. బయటికి వెళ్ళి తల పైకెత్తి రెండు గొట్టాలూ చూసి వచ్చింది. "పెద్ద గొట్టం నుంచి నల్లగా పోతా ఉండాది. సన్న గొట్టం నుంచి పోతా ఉందో లేదో కూడా తెలీడం లేదు. నువ్వూ ఒకసారి వచ్చి చూడు," అంది మొగుడితో.

గంగులప్ప బయటికి వెళ్ళలేదు. పిల్లలూ, ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. బయటికి నాలుగడుగులు వేసి తల పైకెత్తి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"ఈ పొట్టిదానికి ఏమేం గావాల?" అని అడిగాడు.

"కట్టె చిన్న ముక్కలుగా చీల్చాల. బాగా ఎండాల. కొంచెం కొంచెంగా వేస్తా ఉండాల. తడి కట్టె పెడితే ఇది అలుగుతాది."

"అలిగేది ఇంట్లో ఒకతి ఉండాది. అలిగే పొయ్యి కూడా యాల నాకు?" అన్నాడు గంగులప్ప. "పొగ రానిదే కట్టు."

"గొట్టంలో పోయిన పొగ ఏమైతుంది?" అంది మునెమ్మ.

"ఆకాశానికి పోతుంది."

"ఆకాశం ఎవరిది?"

"ఎవరిదీ కాదు. అందుకే అక్కడికి పంపేది."

ఖాదర్ వలీ నవ్వి, పెద్ద గొట్టం పొయ్యిని తాళ్ళతో కట్టాడు. కొనేవాడు కోరిందే మంచి సరుకని అతని వ్యాపార సూత్రం. అయినా వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పాడు. "అన్నా, గొట్టం వంకర పెట్టొద్దు. నిట్టనిలువుగా ఇంటి కప్పు దాటించు."

ఇంటికి వచ్చాక గంగులప్ప కప్పు వైపు చూశాడు. గొట్టం పైకి పోవాలంటే పెంకులు తియ్యాలి. పెంకులు తీస్తే వాన కారుతుందేమో. అందుకని గోడకే కన్నం పొడిచాడు. వంటింటికి బయట మూడు దిక్కులున్నాయి. ముందు వైపు పెడితే అరుగు మీద కూర్చునే తన మొహాన పొగ. వెనక వైపు పెడితే గేదెల కొట్టం. గేదె దగ్గితే పాలు తగ్గుతాయి. మిగిలింది రెడ్డెమ్మ పెరటి వైపు. గొట్టాన్ని అటు వంచాడు.

మనవరాలు ఇంటికి వచ్చింది. ఇల్లు హాయిగా ఉంది. గోడలకు సున్నం కొట్టించారు, నల్లబడలేదు. మునెమ్మ కళ్ళ ఎరుపు పోయింది. గంగులప్ప దారినపోయేవాళ్ళను కూడా పిలిచి పొయ్యి చూపించేవాడు. "ముక్కు పెట్టి వాసన చూడండి. ఉందా పొగ?" అనేవాడు.

"పొయ్యికి పొగ రాలేదు గానీ నీకు పొగరు వచ్చింది," అంది మునెమ్మ.

ఇంతలో ఒక ఉదయం రెడ్డెమ్మ వచ్చి గడప బయటే నిలబడింది. పురుగులున్న ఇంటివాళ్ళు ఊరికే ఇంకొకరి ఇంట్లోకి రారు. వాసనలు, జబ్బులు వెంట వస్తాయని భయం.

"మామా, నీ గొట్టం పొగ మా పురుగుల గదిలోకి వస్తా ఉండాది. పురుగులు నాలుగో జ్వరం లేస్తా ఉన్నాయి. పొగ తగిలితే మేత ముట్టవు. ఈ పంట మీదే మా ఏడాదంతా. కొంచెం గొట్టం తిప్పుకో మామా."

గంగులప్పకు చిరాకేసింది. రెడ్డెమ్మ ఊరికే సాధిస్తోందనుకున్నాడు. తన ముక్కుకు తగలని పొగ గోడకు అవతల ఎలా ఉంటుందో అతనికి అర్థం కాలేదు.

"నా గొట్టం నా గోడకు ఉండాది అమ్మీ. బయటికొచ్చినాక అది గాలిది. గాలితో మాట్లాడుకో పో."

రెడ్డెమ్మ ఇంటికి వెళ్ళి కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టింది. పట్టాలు కడితే పొగ కొంత ఆగింది, గాలీ ఆగింది. పురుగులకు గాలి ఆడకపోయినా కష్టమే. అందుకని పట్టాలు ఎత్తేది, పొగ రాగానే దించేది. రోజంతా అదే పని.

గంగులప్ప ఒక సంగతి గమనించాడు. గోడలోంచి వచ్చే వాన చప్పుడు పలచబడింది. జోరు వాన తుంపర అయినట్టు. "ఈసారి పురుగులు తక్కువ పెట్టినట్టుండారు," అనుకున్నాడు. పోయి అడగలేదు. గోడకు అవతలి సంగతి కదా.

పురుడు రోజు వచ్చింది. ఆ రోజు బాలింతకూ బిడ్డకూ స్నానం చేయించి, ఇల్లంతా కడిగి, చుట్టాలకు భోజనం పెడతారు. మంచు కురిసే రోజులు. కడిగిన నేల కాళ్ళు లాగేసేంత చల్లగా ఉంది. పసిబిడ్డను ఆ తడిలో పడుకోబెట్టడానికి వీల్లేదు. ఊళ్ళో పొడిగా, వెచ్చగా, శుభ్రంగా ఉండే ఇల్లు ఒకటే ఉంది. పట్టుపురుగుల ఇల్లు. మునెమ్మ మొహమాటపడుతూనే రెడ్డెమ్మను అడిగింది.

"బాలింతను కాదనే ఇల్లు ఉంటుందా అత్తా? కాళ్ళు కడుక్కుని రమ్మను. పురుగుల గది పక్క అరలో పడుకుంటారు," అంది రెడ్డెమ్మ.

మునెమ్మ మొగుడికి మరీ మరీ చెప్పింది. "ఈ పూట గ్యాసు మీదే కానిద్దాం. ఆ పొయ్యి ముట్టియ్యొద్దు."

"సరే," అన్నాడు గంగులప్ప. కానీ చుట్టాలు అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చారు. వేణ్ణీళ్ళు చాలలేదు. సాంబారు కూడా ఇంకో అండా పెట్టాల్సి వచ్చింది. 'పొగ రాని పొయ్యే కదా, పైగా పాప ఇంట్లో కూడా లేదు' అనుకున్నాడు. కొట్టం వెనక మంచుకు తడిసిన వేపమొద్దు ఒకటి ఉంది. దాన్ని ఈడ్చుకొచ్చి పొయ్యి నోట్లో తోశాడు. తోసి, చుట్టాల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

ఒక బావమరిది విస్తరి ముందు కూర్చుని అడిగాడు. "బావా, పక్కింట్లో పసిబిడ్డ ఏడుస్తా ఉన్నట్టుందే?"

గంగులప్ప చెవి ఒగ్గాడు. అది ఏడుపు కాదు, దగ్గు. సన్నగా, ఆగకుండా, పిల్లిపిల్ల తుమ్మినట్టు. అతను వడ్డన గరిటె అక్కడే పడేసి, కాళ్ళు కడుక్కోకుండానే రెడ్డెమ్మ ఇంట్లోకి దూరాడు.

అర నిండా మబ్బులా పొగ. నాగవేణి బిడ్డ మొహాన్ని కొంగుతో కప్పుకుని నిలబడింది.

"రెడ్డెమ్మా, పసిబిడ్డను పెట్టుకుని పొగ పెడతావా? నీకు బుద్ధుందా?" అని అరిచాడు. "యాడ పెట్టినావు పొయ్యి?"

రెడ్డెమ్మ వంటింటి వైపు చెయ్యి చూపించింది.

గంగులప్ప వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యిలో బూడిద మీద పిల్లి ముడుచుకుని పడుకుంది. అతను పిల్లిని లేపి బూడిదలో చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. గ్యాసు పొయ్యి మీద గిన్నెలు బోర్లించి ఉన్నాయి. సాంబ్రాణి వాసన లేదు, అగరుబత్తి లేదు. దేవుడి దగ్గర దీపం కూడా లేదు.

"పురుగులు పండి గూడు కట్టేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగదు మామా," అన్నాడు సహదేవుడు తలుపు దగ్గర నిలబడి. "మా చెల్లెలి ఇంటి నుంచి సంగటి తెచ్చుకుంటా ఉండాం."

"మరి ఈ పొగ యాడిది?"

గంగులప్పకు ఉక్రోషం వచ్చింది. అంతకంటే ఎక్కువగా వింత కలిగింది. పొయ్యి లేని ఇంట్లో పొగ ఎక్కడ పుట్టింది? జీవితంలో మొదటిసారి అతను పొగ వెంటపడ్డాడు. అది ఎటు పలచగా ఉందో, ఎటు చిక్కగా ఉందో ముక్కుతో వెతుక్కుంటూ నడిచాడు. అరలోంచి పురుగుల గదిలోకి వెళ్ళాడు. అంచెలంచెలుగా తట్టలు. తట్టల నిండా తాజా ఆకు. ఆకు మీద పురుగులు. కానీ గదిలో చప్పుడు లేదు. వాన వెలిసిపోయింది. పురుగులు తలలు పక్కకు వాల్చి, ఆకును ముట్టకుండా పడి ఉన్నాయి.

అతను ఆగి, ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తడి గోనెపట్టా అంచుల నుంచి పొగ పాములా లోపలికి వస్తోంది. పట్టా ఎత్తి బయటికి తొంగిచూశాడు.

ఎదురుగా పిట్టగోడకు అవతల ఒక రేకు గొట్టం. మెడ వంచి, సరిగ్గా అతని మొహం వైపే చూస్తూ, నల్లగా కక్కుతోంది. దాని కింద సున్నం కొట్టిన తెల్లటి గోడ ఉంది. ఆ గోడ తనదే.

గంగులప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగకో, దేనికో నాకు తెలియదు.

అప్పుడు రెడ్డెమ్మ నెమ్మదిగా అంది. "గాలితో మాట్లాడుకోమంటివి గదా మామా. మాట్లాడినా. నీ దగ్గరికే పొమ్మనింది."

గంగులప్ప గబగబా ఇంటికి వెళ్ళాడు. సాంబారు అండా దించేసి, బిందెతో నీళ్ళు తెచ్చి మొద్దు మీద పోశాడు. ఇల్లంతా ఆవిరి, బూడిద. ఉడకని సాంబారు చూసి బావమరిది, "ఏం బావా, పప్పు పప్పుగా, నీళ్ళు నీళ్ళుగా ఉండాయే?" అన్నాడు. బిడ్డను తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ సాయంత్రానికి దగ్గు తగ్గింది. భయం లేదని డాక్టరు చెప్పాడు. కానీ రెడ్డెమ్మ పురుగుల్లో సగానికి పైగా మళ్ళీ మేత ముట్టలేదు. గూళ్ళు అల్లాల్సిన పురుగులను సహదేవుడు తట్టలతో తీసుకెళ్ళి గుంతలో పూడ్చాడు. గంగులప్ప పలుగు పట్టి ఆ గుంత తవ్వాడు. ఆ పంట నష్టం తనదేనని పెద్దమనుషుల ముందు ఒప్పుకుని, తన మేలురకం గేదెను రెడ్డెమ్మ కొట్టంలో కట్టేసి వచ్చాడు. ఆమె వద్దన్నా వినలేదు.

తర్వాత గంగులప్ప ఆ పొయ్యిని బండి మీద వేసుకుని ఖాదర్ వలీ దగ్గరికి వెళ్ళాడు. మునెమ్మ కూడా వెళ్ళింది.

"రెండింటి సంగతీ తెలిసినోడివి. ఇది యాల అమ్మితివి మాకు?" అని నిలదీసింది.

"అడిగింది ఇచ్చినా అక్కా."

"అడిగింది ఇచ్చేది దుకాణం. అక్కరకొచ్చేది చెప్పేది మనిషి."

ఖాదర్ వలీ తల దించుకున్నాడు. ఈసారి గంగులప్ప ఎవరూ చెప్పకుండానే బయటికి వెళ్ళి, తల పైకెత్తి, సన్న గొట్టం చివరను మెడ నొప్పెట్టేదాకా చూశాడు. పొట్టి పొయ్యిని తీసుకుని ఇంటికి వచ్చాడు. పెంకులు తీయించి, గొట్టాన్ని నిట్టనిలువుగా కప్పు దాటించాడు. పెంకుల సందులను సిమెంటుతో మూయించాడు.

కొత్త పొయ్యి రాగానే అంతా బాగైపోయిందని చెబితే అది అబద్ధం. మొదటి రోజు ఆ పొయ్యి కూడా పొగ పోసింది. తడి కట్టె పెడితే ఏ పొయ్యి అయినా అంతే. గంగులప్ప దానితో పోట్లాడాడు, తిట్టాడు, మళ్ళీ కూర్చున్నాడు. కట్టెలు చీల్చి ఎండలో ఆరబెట్టాడు. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టి, ఖంగుమంటే ఎండినట్టని, మెత్తగా మోగితే ఇంకా పచ్చిదని మెల్లగా నేర్చుకున్నాడు. ఒక పక్క కిటికీ తెరిచే ఉంచాడు. కంటికి పొగ కనబడకపోయినా మంట ఉన్న గదిలో గాలి ఆడాలి. పిల్లలూ, ఈ మాట కథ కోసం కాదు, మన ఇంటి కోసం కూడా.

అప్పటి నుంచి అతనికి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. పొయ్యి వెలిగించగానే ఇంట్లో ఉండేవాడు కాదు. రెడ్డెమ్మ పెరట్లోకి వెళ్ళి, అక్కడ నిలబడి తన గొట్టం వైపు చూసేవాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏం గంగులన్నా, వంట లోపల, వంటవాడు బయటనా?"

"నా ఇల్లు నా ఇంట్లోంచి చూస్తే కనబడదు నాయనా," అనేవాడు గంగులప్ప.

చెత్తను కూడా వీధిలోకి తోయడం మానేశాడు. గేదెల నీళ్ళకు పెరట్లోనే గుంత తవ్వి, దాని చుట్టూ అరటి పిలకలు నాటాడు. ఎదురింటి ముగ్గు ఇప్పుడు సాయంత్రం దాకా చెదరకుండా ఉంటోంది.

ఎండాకాలం మొదట్లో రెడ్డెమ్మ మళ్ళీ పురుగులు పెట్టింది. మొదటి జ్వరం పోయింది, రెండోది పోయింది. మూడోది పోయింది. గంగులప్ప ఆ రోజుల్లో పొయ్యి దగ్గర ఎలా ఉండేవాడంటే, ఒక్క కట్టె ముక్క వెయ్యడానికి కూడా మునెమ్మను నమ్మేవాడు కాదు. అందరికీ తానే వేణ్ణీళ్ళు కాచేవాడు. నాలుగో జ్వరం వచ్చింది. గోడకు అవతల అంతా నిశ్శబ్దం. అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు ఉదయం నాగవేణి గోడ పక్కన చాప పరిచి పాపకు నూనె రాస్తోంది. పాప ఉన్నట్టుండి కాళ్ళు ఆడించడం ఆపింది. తల తిప్పి గోడ వైపు చూసింది. చెవి ఒగ్గి వింటున్నట్టు కనుబొమలు పైకెత్తింది.

గంగులప్ప కూడా విన్నాడు. మొదట ఒకటి రెండు చినుకులు. తర్వాత తుంపర. తర్వాత జోరు వాన.

"ఏందే బంగారూ, వాన వస్తా ఉండాదా?" అన్నాడు మనవరాలితో. ఆ మాట అంటూనే లేచి, చెప్పులు వేసుకోకుండానే, గొట్టం చూసి రావడానికి పక్కింటి పెరట్లోకి వెళ్ళాడు.

ఈ కథలోని నీతి ఇది: మన గడప దాటిన చెడు పోయినట్టు కాదు, ఇంకొకరి గడప తొక్కినట్టు, కాబట్టి చెడును బయటికి తోయడం కాదు, పుట్టకుండా చూడడమే మంచివాళ్ళ పని.

పిల్లలూ, రేపు మళ్ళీ బజారుకు వెళదాం. గాజు తలుపు ఉన్నా సరే, లేకపోయినా సరే, ముందు బయటికి వెళ్ళి గొట్టం చివర చూద్దాం. మన పక్కింట్లో కిటికీ ఎటు తెరుచుకుంటుందో కూడా చూసి వద్దాం. ఈ కథను మీ స్నేహితులకు చెప్పండి. వాళ్ళకు తెలుగు రాకపోతే వాళ్ళ భాషలోనే చెప్పండి. మీకు పిల్లలు పుడితే వాళ్ళకూ చెప్పండి. ఊరి పేరు మరిచిపోతే ఇంకో ఊరి పేరు పెట్టండి, గంగులప్పను ఇంకొకడిని చెయ్యండి, గేదెలను గొర్రెలు చేసినా నేనేమీ అనుకోను. గొట్టం ఎటు తిరిగి ఉందో, అది మాత్రం మార్చకండి.